వదిన తెచ్చిన మాడియే: వేర్లు పోయిన స్లిప్పర్ ఆర్కిడ్ మళ్ళీ పూసేదాకా

2023 ఫిబ్రవరి రెండో వారంలో మా వదిన మియాపూర్ నుంచి ఒక కుండీని న్యూస్‌పేపర్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మా ఇంటికి తీసుకొచ్చింది. "ఎండకి తట్టుకోలేకపోయినట్టుంది, నువ్వే చూడమ్మా" అంది. ఇంకా శివరాత్రి కూడా రాలేదు, ఎండలెక్కడివి అనుకున్నాను కానీ పైకి అనలేదు. ఏడాదిన్నర కింద పూలతో కొన్న మొక్క అది, తనకి చాలా ఇష్టం.

మూడు పిలకలున్న చిన్న దుబ్బు. పెద్ద పిలకకి పాత పూకాడ మొండెం ఎండి ఉంది, రెండోది ఎదిగినదే, మూడోది వేలెడంత. ఆకుల మీద లేత, ముదురు ఆకుపచ్చ మచ్చల డిజైన్ చూడగానే మాడియే అనే స్లిప్పర్ ఆర్కిడ్ రకమని అర్థమవుతుంది. కానీ ఆకులు తోలులా మెత్తబడి, పొడవునా ముడతలు పడి, కొసలు అర అంగుళం మేర మాడిపోయి ఉన్నాయి. మొక్కని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా కదిపితే కుండీలో వదులుగా ఊగింది. నా అనుభవంలో ఆకుల రంగు కంటే, మచ్చల కంటే ఈ ఊగడం చాలా విషయం చెబుతుంది. పట్టుకోడానికి లోపల వేర్లు లేవని దానర్థం.

"నీళ్ళు సరిగానే పోస్తున్నానే, ఎప్పుడూ తడిగానే ఉంటుంది కుండీ" అంది వదిన. నిజమే, తడిగానే ఉంది. కుండీ బరువుగా ఉంది, ఆకులేమో దాహంతో వాడిపోయి ఉన్నాయి. ఈ రెండూ కలిసి కనిపించాయంటే ఇంకా నీళ్ళు పోస్తే లాభం లేదు, తాగే నోరే పోయింది.

ఇక్కడ ఈ మొక్క సంగతి కొంచెం చెప్పాలి. డెండ్రోబియం, క్యాట్లియా లాంటి ఆర్కిడ్లకి ఉబ్బిన కాండాలుంటాయి, వాటిలో నీళ్ళు దాచుకుంటాయి, వారం పది రోజులు మర్చిపోయినా ఊరుకుంటాయి. స్లిప్పర్ ఆర్కిడ్‌కి, అంటే మనం ఇళ్ళలో ఎక్కువగా పెంచే పాఫియోపెడిలమ్‌కి, ఆ ట్యాంకు లేదు. ఎక్కువ జాతులు అడవి నేల మీద కుళ్ళిన ఆకుల పొరలో, రాళ్ళ సందుల్లో పడ్డ చెత్తలో పెరుగుతాయి. వేరుకి ఎప్పుడూ కొంచెం తేమ కావాలి, దాంతోపాటే గాలీ కావాలి. పైగా వేర్లు తక్కువ, నెమ్మదిగా వస్తాయి. డెండ్రోబియానికి పది వేర్లు పోతే ఇరవై వేస్తుంది, దీనికి నాలుగు పోతే ఏడాది వెనక్కి వెళ్ళినట్టే.

నీళ్ళు ఎప్పుడు, ఎన్ని అని కాకుండా, ఏ నీళ్ళు పోస్తున్నావని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నతో సగం కేసు తేలింది. ఆర్‌ఓ మెషిన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళు వృథా కాకూడదని వదిన బకెట్‌లో పట్టి మొక్కలన్నిటికీ పోస్తుంది. మంచి అలవాటే. మందారానికి, కరివేపాకుకి, మనీప్లాంట్‌కి ఏమీ కాలేదు. కానీ ఆర్‌ఓ మెషిన్ మనం తాగే నీళ్ళలోంచి ఉప్పుల్ని తీసి మాయం చేయదు, వాటన్నిటినీ ఆ వేస్ట్ పైపులోకే తోస్తుంది. అంటే ఆ బకెట్‌లో ఉన్నది కుళాయి నీటికంటే ఇంకా ఉప్పు నీరు. మర్నాడు అన్నయ్యతో మూడు సీసాల్లో నీళ్ళు తెప్పించి లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగి ఉన్నాయో చెప్పే టీడీఎస్ మీటర్ పెట్టి చూశాను: బోరు నీళ్ళు 680, తాగే నీళ్ళు 52, వేస్ట్ నీళ్ళు 1010. స్లిప్పర్ ఆర్కిడ్ వేరుకి ఎరువుతో కలిపినా 300 దాటకూడదని నేను పెట్టుకున్న లెక్క.

తర్వాత కుండీ విప్పే ముందు ఒక పరీక్ష చేశాను, అనుమానం ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. 52 ఉన్న నీళ్ళు ఒక గ్లాసు కుండీలో నెమ్మదిగా పోసి, కింద కారిన నీళ్ళని పళ్ళెంలో పట్టి కొలిచాను. 1940 వచ్చింది. పోసిన ప్రతిసారీ నీరు ఆవిరైపోయి, ఉప్పు మాత్రం కుండీలోని కొబ్బరి పీచు ముక్కల్లో పేరుకుపోయింది. కుండీ అంచున తెల్లటి పొర కూడా ఉంది, వదిన దాన్ని సున్నం అనుకుని గుడ్డతో తుడిచేదట. ఆకు కొసలు మాడటానికి కారణం ఎండ కాదు, ఇదే.

విప్పితే లోపల మరో సమస్య. నర్సరీ వాళ్ళు వేసిన కొబ్బరి పీచు ముక్కలు మెత్తగా కుళ్ళి బురదలా అయ్యాయి, మురుగు వాసన. మొక్కకి సరిపడే కుండీ మూడు అంగుళాలది, ఇదేమో అయిదంగుళాలది, మధ్యలో ఉన్నది ఎప్పటికీ ఆరదు. మొత్తం పదకొండు వేర్లు లెక్కపెట్టాను. వదిన పక్కనే కూర్చుని "అన్నీ గోధుమ రంగులోనే ఉన్నాయి, అన్నీ చచ్చిపోయినట్టేనా?" అని అడిగింది. కాదు. ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ వేర్లు తెల్లగా, వెండి రంగులో ఉంటాయి కాబట్టి అందరూ వేరంటే అలాగే ఉండాలనుకుంటారు. స్లిప్పర్ ఆర్కిడ్ మంచి వేరు గోధుమ రంగులోనే ఉంటుంది, ఒళ్ళంతా నూగు ఉంటుంది, నొక్కితే గట్టిగా ఉంటుంది, పెరుగుతున్న కొస మాత్రం తెల్లగా ఉంటుంది. చచ్చిన వేరుని లాగితే పై తొడుగు జారిపోయి లోపల దారం మిగులుతుంది. రంగు చూసి కత్తెర పట్టుకుంటే బతికున్న వేర్లని కూడా కోసేస్తాం, అలా కోసేసిన వాళ్ళు నాకు తెలుసు. ఒక్కొక్కటీ నొక్కి చూస్తే తొమ్మిది దారాలు, రెండు బతికున్నవి. ఆ రెంటిలో ఒకటి సగమే.

కత్తెరని గ్యాస్ మంట మీద కాల్చి చల్లారాక చచ్చినవి కోసేశాను. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వైరస్‌లు కత్తెరతో కూడా పాకుతాయి కాబట్టి ప్రతి మొక్కకీ మళ్ళీ కాల్చాలి. కోసిన చోట దాల్చిన చెక్క పొడి వేయమని చాలామంది చెబుతారు. ఆకు గాయానికైతే సరే, వేర్లకి మాత్రం నేను వేయను. అది ఆరబెడుతుంది, మిగిలిన రెండు వేర్లని ఆరబెట్టుకునే పరిస్థితిలో మనం లేము. మంచి నీళ్ళలో కడిగి, గంటసేపు నీడలో ఉంచి కుండీలో పెట్టాను.

కుండీ మూడంగుళాల పారదర్శక ప్లాస్టిక్‌ది, పక్కల కూడా కన్నాలు కాల్చినది. మిశ్రమంలో శనగగింజంత పైన్ బెరడు ముక్కలు ఆరు పాళ్ళు, పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు రెండు పాళ్ళు, బాగా కడిగిన కట్టెబొగ్గు ముక్కలు ఒక పాలు. బెరడుని ముందురోజు రాత్రే నానబెట్టాలి, లేకపోతే మొదటి నెలంతా నీళ్ళు దాని మీంచి జారిపోతాయి. దుబ్బు మొదలు మిశ్రమంలో అర సెంటీమీటరు లోపలికి దిగేలా పెట్టాను. కొత్త వేర్లు పుట్టేది పిలక మొదట్లోంచే, ఆ మొదలు గాల్లో తేలుతుంటే వేరు మొలిచీ మొలవగానే ఎండిపోతుంది. మొదలు చుట్టూ తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచు పల్చగా ఒక వరస. ఊగకుండా ఒక పుల్లకి కట్టాను. ఊగే మొక్కకి వేరు నిలవదు, కొస రాసుకుని ఆగిపోతుంది.

వేర్లు లేని మొక్కని మామూలుగా బయట పెడితే ఆకుల్లోంచి పోయే నీటిని భర్తీ చేసే దారి లేదు. అందుకే మూత ఉన్న పెద్ద పారదర్శక డబ్బాలో, అడుగున తడి గులకరాళ్ళు వేసి, ఎండ తగలని చోట పెట్టాను. రోజూ పొద్దున పది నిమిషాలు మూత తీసి గాలి ఆడనిచ్చేదాన్ని. నీళ్ళు పోయాలా వద్దా అన్నది వంటింటి తూకం మీద చూసేదాన్ని: నీళ్ళు పోసి కారిపోయాక కుండీ 190 గ్రాములుంటే, 150కి వచ్చాక మళ్ళీ పోయడం. డబ్బాలో ఆ తేడా రావడానికి తొమ్మిది, పది రోజులు పట్టేది. వేలు పెట్టి చూడటం, పుల్ల గుచ్చి చూడటం కంటే నాకు ఈ తూకమే నమ్మకం, ఎందుకంటే పైన ఆరినట్టు కనిపించినా మధ్యలో తడి ఉందో లేదో బరువు చెప్పేస్తుంది. ఎరువు ఒక్క చుక్క కూడా ఇవ్వలేదు. ఏడు వారాలు ఏమీ జరగలేదు. వదిన వారానికోసారి ఫోన్ చేసేది, "ఇంకా అలానే ఉంది వదినా, కొత్తగా వాడలేదు, అదే మంచి కబురు" అని చెప్పేదాన్ని. ఏప్రిల్ మొదటి వారంలో కుండీ గోడ పక్కన తెల్లటి కొస ఒకటి కనిపించింది. పారదర్శక కుండీ ఎందుకంటే ఇందుకు. నెలాఖరుకి మూడయ్యాయి.

సంతోషించే టైమ్‌లోనే ఎండలు వచ్చాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో మా తూర్పు బాల్కనీలో మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 22 శాతం. అయితే మాడియే విషయంలో మనకి ఒక అనుకూలం ఉంది. ఇది క్యాలోసమ్, లారెన్సియానమ్ అనే రెండు జాతులకి పుట్టిన హైబ్రిడ్, 1900లోనే రిజిస్టర్ అయింది. క్యాలోసమ్‌ది థాయ్‌లాండ్, కంబోడియా వైపు, లారెన్సియానమ్‌ది బోర్నియో. రెండూ వెచ్చటి చోట్లవే. అందుకే రాత్రి చలి లేకపోయినా పూస్తుంది, హైదరాబాద్ లాంటి ఊళ్ళో మొదటి స్లిప్పర్ కొనేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే. దీనికి కష్టమల్లా ఎండాకాలం పొడి గాలి, 36 దాటిన వేడి.

గులకరాళ్ళ ట్రే మీద పెడితే తేమ పెరుగుతుందని అంతటా రాస్తారు. ఆకుల పక్కనే తేమ మీటర్ పెట్టి చూశాను, మూడు నాలుగు శాతం కంటే కదల్లేదు. పనిచేసింది మన మామూలు ఎయిర్ కూలర్. హాల్లో కూలర్ పెట్టి, ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచితే గది 36 నుంచి 30కి దిగింది, తేమ 24 నుంచి 55కి వచ్చింది. మొక్కని కూలర్ ఎదురుగా కాకుండా పక్కకి, ఎనిమిది అడుగుల దూరంలో, గాలి గోడకి తగిలి తిరిగి వచ్చే చోట పెట్టాలి. నేరుగా గాలి కొడితే కుండీ ఒక్కరోజులో ఆరిపోతుంది. ఏసీ గదిలో మాత్రం పెట్టకండి, చల్లగా ఉన్నా గాలిలో తేమ లాగేస్తుంది. మే నెలలో నాలుగు రోజులకోసారి, తెల్లవారుజామునే నీళ్ళు పోసేదాన్ని. మృగశిర వచ్చి చినుకులు పడేసరికి కొత్త వేర్లు ఆరు, ఆకుల ముడతలు సగం పోయాయి. పాత ఆకుల ముడతలు పూర్తిగా ఎప్పటికీ పోవు, కొత్త ఆకు నున్నగా వస్తుందా లేదా అన్నదే చూసుకోవాలి.

జూన్ నుంచి ఎరువు మొదలుపెట్టాను. మన దగ్గర ఏ విత్తనాల షాపులోనైనా దొరికే 19:19:19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉన్న ఎరువు, లీటరుకి పావు గ్రాము, అంతే. ఇందులో కాల్షియం, మెగ్నీషియం ఉండవు, ఆర్‌ఓ నీళ్ళలోనూ దాదాపు ఉండవు, కాబట్టి ఒక వారం ఇది, ఇంకో వారం కాల్షియం నైట్రేట్ అంతే మోతాదులో, మెగ్నీషియం కోసం నెలకోసారి చిటికెడు ఎప్సమ్ సాల్ట్. మూడూ ఒకే సీసాలో చిక్కగా కలిపి పెట్టుకోవద్దు, కాల్షియం వాటితో కలిసి అడుగున తెల్లగా పేరుకుపోతుంది. నెలలో నాలుగో వారం ఉత్త నీళ్ళు, కుండీ అడుగున ధారగా కారేంత. వానాకాలంలో డాబా మీద బకెట్ పెట్టి, వాన మొదలైన అరగంట తర్వాత పడ్డ నీళ్ళు పట్టుకుంటే అంతకంటే మంచి నీరు లేదు.

ఇక జూలైలో నేను చేసిన తప్పు. వారం రోజులుగా ముసురు, గాలి కదలడం లేదు, గది అంతా చెమ్మ. ఆకుల మీద దుమ్ము ఉందని ఒక సాయంత్రం స్ప్రే చేశాను. రెండో పిలక మొవ్వులో నీళ్ళు నిలిచాయి, తుడవలేదు. రెండో రోజుకి మొవ్వు ఆకు మొదట్లో నీరు పట్టినట్టు ముదురు గోధుమ మచ్చ. మూడో రోజుకి ఆకు లాగితే చేతిలోకి వచ్చేసింది, కుళ్ళు వాసన. ఇది బ్యాక్టీరియా కుళ్ళు, గంటల్లో పాకుతుంది, రేపు చూద్దాం అనుకునే జబ్బు కాదు. ఆ పిలక మొత్తాన్ని మొదలు దాకా, ఆరోగ్యంగా కనిపించే భాగంతో కలిపి కోసేశాను, గాయానికి దాల్చిన చెక్క పొడి అద్ది, రెండు రోజులు ఫ్యాన్ కింద పెట్టి ఒక్క చుక్క నీరు పోయలేదు. మిగతా రెండు పిలకలు దక్కాయి. కానీ పోయింది ఆ ఏడాది పూయాల్సిన పిలక. వదినకి ఫోన్ చేసి చెప్పడానికి నాకు చాలా కష్టమైంది. అప్పటినుంచి ఆకుల మీద స్ప్రే మానేశాను. పొరపాటున మొవ్వులో నీళ్ళు పడితే టిష్యూ పేపర్ మెలిపెట్టి కొసతో పీల్చేస్తాను, చిన్న టేబుల్ ఫ్యాన్ వానాకాలమంతా తిరుగుతూనే ఉంటుంది.

ఆ పిలక అంత నష్టం ఎందుకంటే స్లిప్పర్ ఆర్కిడ్‌లో ఒక పిలక ఒక్కసారే పూస్తుంది. పెద్ద పిలక అప్పటికే పూసేసింది, అది ఇక మళ్ళీ పూయదు, కానీ పసుపు పడేదాకా దాన్ని కోయకూడదు, కొత్త పిలకలకి తిండి పెట్టేది అదే. ఆశంతా వేలెడంత మూడో పిలక మీద. అది ఎదిగి పూయడానికి ఏడాదిన్నర పట్టింది.

2024 సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, అంటే బాగా గడిచిందని. మార్చిలో కుండీ మార్చాను, మిశ్రమం బాగానే కనిపించినా మార్చాను. బెరడు మన వేడికి తొందరగా కుళ్ళుతుంది, నేను ఏడాదికోసారి తప్పకుండా మారుస్తాను. ఆగస్టులో ఆకుల సందుల్లో పిండినల్లి కనిపించింది, ఇయర్ బడ్‌ని స్పిరిట్‌లో ముంచి తుడిచాను, వారానికోసారి మూడు వారాలు. పెద్ద పిలక మొదట్లో కొత్త పిలక ఒకటి వచ్చింది. వెలుతురు విషయంలో పొద్దున ఎనిమిదింటి దాకా పల్చటి తెర వెనక నుంచి వచ్చే ఎండ, ఫోన్ యాప్‌లో పదివేల లక్స్ దగ్గర. ఆకు మీద చేయి పెడితే వెచ్చగా తగిలితే వెలుతురు ఎక్కువైనట్టు, ఆకులు ముదురు పచ్చగా అయి పొడవుగా సాగి వాలిపోతుంటే తక్కువైనట్టు.

నవంబర్ మూడో వారంలో మూడో పిలక మొవ్వులోకి టార్చ్ వేసి చూస్తే, ఆకుల మధ్య చదునుగా, కొస మొద్దుగా ఒక చిన్న తొడుగు. ఆకు కాదు. వదినకి ఫోటో పంపితే అరగంటలో వీడియో కాల్ చేసింది. తొడుగు కనిపించాక కుండీని తిప్పకూడదు, ఏ వైపు వెలుతురుంటే ఆ వైపే కాడ సాగుతుంది, తిప్పుతుంటే మెలికలు పడుతుంది. 2025 ఫిబ్రవరి 6న పువ్వు విచ్చింది. 28 సెంటీమీటర్ల కాడ మీద ఒకటే పువ్వు, పైన తెల్లటి రేకు మీద నిలువునా వంకాయ రంగు గీతలు, కింద ఇటుక రంగు తిరిగిన చెప్పు ఆకారం. రెండు నెలలు నిలిచింది.

వదిన, పిల్లలు చూడటానికి వచ్చారు. చిన్నోడు వేలు దగ్గరికి తెచ్చి మళ్ళీ వెనక్కి తీసుకుని "అత్తా, ఇది పురుగుల్ని తింటుందా?" అన్నాడు. తినదు. వాసనో రంగో చూసి వచ్చిన ఈగ లాంటి పురుగు ఆ నున్నటి సంచిలోకి జారిపడుతుంది, వచ్చిన దారిన ఎక్కలేదు, వెనక గోడకి ఉన్న సన్నటి వెంట్రుకల మెట్లు పట్టుకుని పైకి రావాలి. ఆ దారిలో మొదట కీలాగ్రానికి, తర్వాత పుప్పొడి ముద్దకి రాసుకుని బయటపడుతుంది. దానికి తేనె కూడా దొరకదు, ఉత్త చేతులతో పోయి ఇంకో పువ్వులో పడుతుంది. వాడు అరగంట అక్కడే నిలబడి ఏదైనా ఈగ వస్తుందేమోనని చూశాడు.

ఈ కేసులో నేను ఒకేసారి నీళ్ళు, మిశ్రమం, కుండీ మూడూ మార్చాను, కాబట్టి వేర్లు పోవడంలో దేని వంతు ఎంత అని విడదీయలేను. ఆ 1940 అంకె చూశాక ఉప్పుకే పెద్ద వంతు ఇస్తాను. ఎండకైతే ఏమీ ఇవ్వను, రెండు రోహిణి కార్తెలు ఇదే మొక్క నా ఇంట్లో దాటింది.

మాడియే పూశాక వదినకి ఇంకోటి కొనాలనిపించి, ఈశాన్యం నుంచి అడవి స్లిప్పర్లు తెప్పిస్తామని ఎవరో చెప్పారని అడిగింది. వద్దని గట్టిగా చెప్పాను. పాఫియోపెడిలమ్ జాతులన్నీ అంతర్జాతీయ వ్యాపారం మీద దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందంలో అత్యంత రక్షణ ఉన్న మొదటి జాబితాలో ఉన్నాయి, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందా అడవి నుంచి తీయడం నేరం. మన తెలుగు రాష్ట్రాల అడవుల్లో ఇవి లేవు, దక్షిణ భారతంలో ఉన్నది డ్రూరీ అనే ఒక్క పసుపు స్లిప్పర్, అదీ అగస్త్యమలై కొండల్లో, ఏరుకుపోయి ఏరుకుపోయి అంతరించే దశకి తెచ్చారు. చట్టం పక్కన పెట్టినా, మేఘాలయ కొండల్లోని ఇన్సిగ్నే అనే స్లిప్పర్‌కి చల్లటి చలికాలం కావాలి, మియాపూర్ ఫ్లాట్‌లో అది ఆకులతో బతుకుతుందేమో గానీ పూయదు. నర్సరీలో పుట్టిన హైబ్రిడ్ ఇంకోటి కొనమన్నాను, కొనే ముందు కదిపి చూడమన్నాను.

ఏప్రిల్‌లో పువ్వు రాలాక కాడ కోసి, కుండీ మార్చి, వదినకి తిరిగి ఇచ్చేశాను. కొత్త పిలక ఇప్పుడు నాలుగు ఆకుల మీద ఉంది. వాళ్ళింట్లో వేస్ట్ నీళ్ళ బకెట్‌తో ఇప్పుడు ఇల్లు తుడుస్తున్నారు, మాడియేకి తాగే నీళ్ళ కుళాయి నుంచి వేరే సీసా పెట్టింది. నిన్న కుండీ నుంచి కారిన నీళ్ళు కొలిచి మెసేజ్ పెట్టింది: 260.